మహమ్మారి కాలంలో పిల్లల ఆరోగ్య సేవలు ఆగకుండా నడపడం ఎలా

మహమ్మారి మొదలైందనగానే పై నుంచి వచ్చే మొదటి ఉత్తర్వు దాదాపు ఎప్పుడూ ఒకటే: జనం గుమిగూడే పనులన్నీ ఆపేయండి. ఆ ఒక్క వాక్యం కింద సభలు, సంతలతో పాటు నెలనెలా జరిగే టీకాల రోజు, పసిపిల్లల బరువు చూసే రోజు, బాలింతల ఇళ్లకు వెళ్లిరావడం కూడా కొట్టుకుపోతాయి. ఇందులో ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. కానీ తట్టు, న్యుమోనియా, నీళ్ల విరేచనాలు ఆ ఉత్తర్వు చదివి ఆగిపోవు.

కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో 2018 నుంచి 2020 వరకు ఎబోలా సుమారు 2,300 మందిని బలి తీసుకుంది. అందరి కళ్లూ దాని మీదే ఉన్న రోజుల్లో, 2019లో మొదలైన తట్టు అదే దేశంలో 6,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. చనిపోయిన వాళ్లలో ఎక్కువ మంది పసిపిల్లలే. కోవిడ్ నాటి సంగతి చూస్తే, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా) మూడు డోసులూ అందిన పిల్లలు ప్రపంచవ్యాప్తంగా 2019లో 86 శాతం ఉండగా 2021 నాటికి 81 శాతానికి పడిపోయారు. ఆ ఒక్క ఏడాదే 2.5 కోట్ల మంది పిల్లలకు డోసులు తప్పిపోయాయి. వాళ్లలో 1.8 కోట్ల మందికి మొదటి డోసు కూడా పడలేదు.

ఊళ్లోనో పేటలోనో పిల్లల ఆరోగ్య సేవల బాధ్యత మోసే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను: నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు, వాళ్ల పర్యవేక్షకులు, చిన్న స్వచ్ఛంద సంస్థలు నడిపేవాళ్లు. అన్ని పనులూ ఒకే వరుసలో జరగవు, కొన్ని కలిసి నడుస్తాయి. అయినా మొదటి మూడింటిని మాత్రం ఇదే క్రమంలో చేయండి.

1. వచ్చిన జబ్బు ఎలా అంటుతుందో ముందు తెలుసుకోండి

మహమ్మారులన్నీ ఒకటి కావు. కోవిడ్ ప్రధానంగా గాలి ద్వారా, తుంపరల ద్వారా వ్యాపించింది కాబట్టి ఆరుబయట, దూరం పాటిస్తూ, మాస్కుతో చాలా పనులు చేయగలిగారు. ఎబోలా రోగి శరీర ద్రవాల ద్వారా అంటుతుంది. అక్కడ మాస్కు కన్నా ముట్టుకోకుండా ఉండటం ముఖ్యం. చనుబాల విషయంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కోవిడ్ సోకిన తల్లి చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని పాలు ఇవ్వవచ్చని, ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఎబోలా సోకిన తల్లి మాత్రం పాలు ఇవ్వడం ఆపాలని అదే సంస్థ చెబుతుంది. ఒక జబ్బుకు రాసిన నియమాలను ఇంకో జబ్బుకు అతికిస్తే పిల్లలకే నష్టం.

కాబట్టి ఒక కాగితం తీసుకుని నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి. ఎలా అంటుతుంది? లక్షణాలు కనిపించక ముందే అంటుతుందా? పిల్లలకు ఎంత ప్రమాదం? ఐసొలేషన్ ఎన్ని రోజులు? జవాబులు మీ ఆరోగ్య శాఖ నుంచే తీసుకోండి, ఫోన్లలో తిరిగే సందేశాల నుంచి కాదు. మొదటి వారాల్లో ఈ జవాబులు మారుతుంటాయి కనుక కాగితం మీద తేదీ వేయడం మరవకండి.

2. ఏవి ఆపాలో మీరే తేల్చుకోండి

అన్నీ మూసేయడం సులువు. ఎవరూ తప్పు పట్టరు కూడా. కానీ అది నిర్ణయం తీసుకోవడం కాదు, తప్పించుకోవడం. మీరు చేసే పనులన్నిటినీ వరుసగా రాసి, ఒక్కోదాని పక్కన ఒకటే ప్రశ్న వేయండి: ఇది మూడు నెలలు ఆగితే బిడ్డ ప్రాణం మీదికి వస్తుందా?

వస్తుంది అనిపించేవి ఒక్క రోజు కూడా ఆగకూడదు. కాన్పు అయిన 24 గంటల్లోపు పడాల్సిన హెపటైటిస్ బి డోసు, పుట్టినప్పటి మిగతా టీకాలు, నవజాత శిశువును చూడటం, ఊపిరి అందక ఇబ్బంది పడే బిడ్డకు మందు, విరేచనాలకు ఓఆర్ఎస్, తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లల వైద్యం, మలేరియా ఉన్న చోట జ్వరానికి పరీక్ష, నెలనెలా పడాల్సిన టీకాలు ఈ కోవలోవే. మూర్ఛకో, క్షయకో, హెచ్ఐవీకో రోజూ మందు వేసుకునే పిల్లల మందులు కూడా ఇందులోనే రాసుకోండి. వీళ్లు గుంపులో కనిపించరు, అందుకే అందరికంటే ముందు మరుగున పడిపోతారు.

రూపం మార్చి నడపగలిగేవి రెండో రకం. పిల్లల ఎదుగుదల చూడటం, తల్లులకు సలహాలు, పోషకాహార లోపం నుంచి కోలుకుంటున్న పిల్లలను వారం వారం చూడటం వంటివి ఫోను మీదికో, రెండు వారాలకో నెలకో ఒకసారికో మార్చవచ్చు. ఇక నిజంగా వాయిదా వేయదగ్గవి: పెద్ద సమావేశాలు, పోటీలు, బడిలో అందరినీ వరుసలో నిలబెట్టి చేసే సాధారణ పరీక్షలు, కార్యకర్తలకు హాలులో పెట్టే శిక్షణ తరగతులు.

ఇంటింటికీ తిరిగి వేసే భారీ టీకా కార్యక్రమాలు వీటన్నిటికంటే చిక్కైన విషయం. 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అలాంటి కార్యక్రమాలను తాత్కాలికంగా ఆపమని సలహా ఇచ్చింది. పోలియో చుక్కల కార్యక్రమాలు కొన్ని నెలల పాటు నిలిచిపోయాయి. అయితే అదే సలహాలో రోజువారీ టీకాలు వీలైనంత వరకు సాగించాలనీ ఉంది. చాలాచోట్ల మొదటి సగం చదివి రెండోది వదిలేశారు. మీ దగ్గరికి ఇలాంటి ఉత్తర్వు వస్తే చివరి పేరా దాకా చదవండి.

మూసేయాలని ఒత్తిడి చేసే వాళ్లకు చెప్పడానికి ఒక లెక్క ఉంది. ఆఫ్రికా దేశాల మీద గణిత నమూనాతో చేసిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. టీకా కోసం బయటికి రావడం వల్ల కోవిడ్ సోకి అదనంగా జరగగల ఒక్కో మరణానికి, టీకాలు కొనసాగించడం వల్ల 84 మంది పిల్లల మరణాలను ఆపవచ్చని అది అంచనా వేసింది. నమూనా అన్నాక అటూ ఇటూ అవుతుంది. కానీ ఒకటికి 84 అన్నప్పుడు త్రాసు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు.

3. రిజిస్టరు తీసి, రాని పిల్లల జాబితా రాయండి

ఈ పనిలో సగం ఇదే అని నా అభిప్రాయం. వచ్చిన పిల్లలను ఎవరైనా చూస్తారు. రాని బిడ్డ ఎవరో, ఏ ఇంట్లో ఉందో, ఏ డోసు తప్పిందో తెలియాలంటే రిజిస్టరు తప్ప వేరే దారి లేదు.

మీ పరిధిలోని అయిదేళ్ల లోపు పిల్లలందరి పేర్లూ ఒక చోట చేర్చండి. టీకా రిజిస్టరు, జనన నమోదు, కాన్పుల పుస్తకం మూడూ పక్కపక్కన పెట్టుకుని సరిచూడండి. కాన్పుల పుస్తకంలో ఉండి టీకా రిజిస్టరులో లేని పేర్లు కనిపిస్తాయి. ఒక్క డోసూ పడని పిల్లలు సాధారణంగా వాళ్లే. ఒక్కో పేరు పక్కన తల్లి పేరు, రెండు ఫోను నంబర్లు (ఒకటి ఇంట్లో వాళ్లది, ఒకటి పక్కింటి వాళ్లదో బంధువులదో), ఇంటి ఆనవాలు, తర్వాత పడాల్సిన డోసు, దాని తేదీ రాయండి. మహమ్మారిలో కుటుంబాలు ఊళ్లు మారతాయి, పనులు పోతాయి, నంబర్లు మారిపోతాయి. రెండో నంబరు విలువ అప్పుడు తెలుస్తుంది.

తర్వాత ఈ జాబితాలోంచి ఎక్కువ ప్రమాదంలో ఉన్న వాళ్ల పేర్లకు ఎర్ర గీత పెట్టండి. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, తక్కువ బరువుతో పుట్టినవాళ్లు, ఒక్క డోసూ పడనివాళ్లు, పోషకాహార లోపానికి మందు తింటున్నవాళ్లు, రోజువారీ మందుల మీద ఉన్నవాళ్లు, తల్లి లేనివాళ్లు, వలస కుటుంబాల పిల్లలు. సిబ్బంది సగానికి తగ్గిపోయిన రోజున, మిగిలిన సగం మంది ముందు ఎవరి ఇంటికి వెళ్లాలో ఈ ఎర్ర గీతే చెబుతుంది.

కంప్యూటర్‌లో ఉంటే మంచిదే. అయినా ఒక కాగితం ప్రతి ఉంచుకోండి, కరెంటు పోయినా, కంప్యూటర్ చూసుకునే వ్యక్తికి జబ్బు చేసినా పని ఆగదు. జాబితాలో కుటుంబాల ఆరోగ్య వివరాలు ఉంటాయి కాబట్టి దాన్ని ఫోటో తీసి గ్రూపుల్లో పంపకండి.

4. టీకాల రోజును కొత్త తీరులో నడపండి

అందరినీ ఉదయం తొమ్మిదికి రమ్మనే పద్ధతి ఇక కుదరదు. జాబితా చూసి ఆ రోజుకు రావాల్సిన పిల్లలను చిన్న చిన్న జట్లుగా విడగొట్టి, ఒక్కో జట్టుకు ఒక్కో సమయం ఇవ్వండి. ముందు రోజు ఫోను చేసి, వచ్చేటప్పుడు ఒక బిడ్డతో ఒక్క పెద్ద మనిషి మాత్రమే రావాలని చెప్పండి. ఆ ఫోనులోనే ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉన్నాయేమో అడగండి. ఉంటే కోప్పడకుండా, ఐసొలేషన్ గడువు ముగిశాక రావాల్సిన తేదీ ఇచ్చి జాబితాలో రాసుకోండి. తేదీ ఇవ్వకుండా ‘తర్వాత రండి’ అని పంపితే ఆ బిడ్డ మళ్లీ రాదు.

చోటు విషయంలో వీలైతే ఆరుబయట నీడలో, లేకపోతే కిటికీలన్నీ తెరిచిన గదిలో పెట్టండి. లోపలికి ఒక దారి, బయటికి ఒక దారి ఉండాలి. రోగులు వచ్చే గుమ్మం, టీకాకు వచ్చే గుమ్మం ఒకటి కాకూడదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలను తీసుకుని జబ్బు వాళ్ల పక్కన కూర్చోవాల్సి వస్తుందేమోనన్న భయమే చాలామంది తల్లులను ఇంట్లో ఆపేస్తుంది. గుమ్మం దగ్గరే ఒకరు నిలబడి, చేతులు కడిగించి, జ్వరం ఉన్నవాళ్లను పక్కకు పంపాలి. టీకా వేశాక 15 నిమిషాలు కనిపెట్టి ఉండాలి కదా, ఆ కూర్చునే చోటే గుంపు తయారవుతుంది. కుర్చీలు ముందే దూరం దూరంగా వేసి ఉంచండి.

మాస్కు పెద్దలకే. అయిదేళ్లు, అంతకంటే చిన్న పిల్లలకు మాస్కు తప్పనిసరి చేయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2020లోనే స్పష్టం చేశాయి. టీకా వేసేటప్పుడు చేతి తొడుగులు కూడా మామూలుగా అవసరం లేదు. ఒకే జత తొడుక్కుని ఇరవై మందిని ముట్టుకునే నర్సు కంటే, ఒక్కో బిడ్డ తర్వాత చేతులు శుభ్రం చేసుకునే నర్సు సురక్షితం. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు.

తట్టు, బీసీజీ (క్షయ రాకుండా వేసేది) టీకాల విషయంలో ఒక పేచీ వస్తుంది. వీటి సీసా ఒక్కదాంట్లో చాలా డోసులుంటాయి. ద్రావకం కలిపాక ఆరు గంటలు దాటినా, అంతకు ముందే ఆ రోజు టీకాలు ముగిసినా మిగిలింది పారేయాలి. తక్కువ మంది వచ్చే రోజుల్లో ‘ఒక్కరి కోసం సీసా తెరవడం ఎందుకు, వచ్చే వారం రమ్మందాం’ అనిపిస్తుంది. తెరవండి. మందు వృథా అయితే లెక్కల్లో చూపించవచ్చు, వెనక్కి పంపిన బిడ్డను మళ్లీ పట్టుకోవడం అంత తేలిక కాదు. ముందే ఫోన్లు చేసి తట్టు టీకా పిల్లలను ఒకే రోజుకు కలపగలిగితే ఆ వృథా కూడా తగ్గుతుంది.

వచ్చిన బిడ్డకు ఆ రోజుకు పడాల్సినవన్నీ వేసి పంపండి. ఒకే తొడకు రెండు ఇంజెక్షన్లు వేయాల్సి వస్తే మధ్య 2.5 సెంటీమీటర్ల ఎడం ఉంటే చాలు. విటమిన్ ఎ పడాల్సి ఉంటే అదీ వేయండి. ఆరు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు లక్ష యూనిట్లు, ఏడాది నుంచి అయిదేళ్ల వరకు రెండు లక్షలు. పోషకాహార లోపం ఉందేమో తెలిసేలా చేయి కొలత తీయండి (ఎలాగో ఆరో అంశంలో ఉంది), ఓఆర్ఎస్ ప్యాకెట్లు చేతికివ్వండి. మూడు సార్లు రావాల్సిన పనిని ఒక్కసారికి కుదించడమే ఇక్కడ ఉపాయం.

5. జబ్బు పడిన బిడ్డను ముట్టుకోకుండా చూడటం

కార్యకర్త ఇంటికి వెళ్లే ముందే ఫోనులో నాలుగు ప్రశ్నలు అడగాలి. బిడ్డ పాలు గానీ నీళ్లు గానీ తాగగలుగుతోందా? తాగినదంతా కక్కేస్తోందా? ఫిట్స్ వచ్చాయా? మగతగా పడి ఉండి, లేపినా లేవడం లేదా? మొదటిదానికి ‘లేదు’ అన్నా, మిగతా మూడింటిలో ఏ ఒక్కదానికి ‘అవును’ అన్నా ఇంటికి వెళ్లి చూసి రావడం అనవసరపు ఆలస్యం. నేరుగా ఆసుపత్రికే పంపాలి, బండి సాయం అక్కడికక్కడే మాట్లాడాలి. రెండు నెలల లోపు పసికందుకు జ్వరం వచ్చినా, ఒళ్లు చల్లబడినా ఇదే దారి.

మిగతా పిల్లలను ఇంటి ముందర, వెలుతురులో చూడండి. న్యుమోనియా గుర్తించడానికి స్టెతస్కోపు అక్కర్లేదు, బిడ్డను తాకనక్కర్లేదు కూడా. తల్లి ఒళ్లో బిడ్డ, ఒక మీటరుకు పైగా దూరంలో మీరు. బిడ్డ ఏడుస్తుంటే ఆగండి, పాలు తాగుతుంటే తాగడం అయ్యేదాకా ఆగండి. ‘అమ్మా, బాబు చొక్కా కొంచెం పైకెత్తి పట్టుకోండి’ అని చెప్పి, ఫోనులో నిమిషం టైమర్ పెట్టండి. చూపు ఒకే చోట, పొట్టా రొమ్మూ కలిసే చోట ఉంచండి. పైకి లేచిన ప్రతిసారీ ఒకటి. నిండు నిమిషం లెక్కపెట్టాలి. పిల్లల ఊపిరి ఒక్కసారి గబగబా, ఇంకోసారి నిదానంగా సాగుతుంది కనుక, అర నిమిషం లెక్కించి రెండింతలు చేస్తే తప్పు వస్తుంది. మధ్యలో బిడ్డ కదిలి లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి.

రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించితే, రెండు నెలల నుంచి ఏడాది లోపు అయితే 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు అయితే 40 లేదా అంతకు మించితే వేగంగా ఊపిరి తీస్తున్నట్టు. పసికందుకు 60 లేదా అంతకు మించితే మరోసారి లెక్కించి నిర్ధారించుకుని ఆసుపత్రికి పంపండి. తర్వాత డొక్కలు చూడండి. మామూలుగా బిడ్డ ఊపిరి పీల్చినప్పుడు రొమ్ము, పొట్ట బయటికి ఉబుకుతాయి. పీల్చినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతుంటే, అదే మనం డొక్కలు ఎగరేయడం అంటాం. అది కనిపిస్తే ఆసుపత్రికి పంపండి. వేగంగా ఊపిరి ఒక్కటే ఉండి వేరే ప్రమాద సూచనలు లేకపోతే, మీ కార్యకర్తలకు అనుమతి ఉన్న చోట అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి, మొదటి మోతాదు మీ ఎదుటే తల్లి చేత వేయించండి. మూడో రోజు ఫోనులో కనుక్కోండి.

చిక్కేమిటంటే, దగ్గు, జ్వరం మహమ్మారి లక్షణాలు కూడా కావచ్చు. అందుకని కొన్నిచోట్ల దగ్గే పిల్లలందరినీ పరీక్షా కేంద్రానికి పంపేసి చేతులు దులుపుకుంటారు. ఫలితం వచ్చేలోగా న్యుమోనియా ముదురుతుంది. పరీక్షకు పంపాల్సి వస్తే పంపండి, మందు మాత్రం దాని కోసం ఆపకండి. మలేరియా విషయమూ అంతే. పశ్చిమ ఆఫ్రికాలో 2014-16 ఎబోలా సమయంలో వేలి నుంచి రక్తం తీయడం ప్రమాదమైన చోట, జ్వరం ఉన్న పిల్లలకు పరీక్ష లేకుండానే మలేరియా మందు ఇచ్చారు. అది ఆ జబ్బుకు తగిన ఏర్పాటు. గాలి ద్వారా వచ్చే జబ్బులో వేలి రక్తం పరీక్ష మానాల్సిన పనిలేదు.

విరేచనాలకు మందు జబ్బు వచ్చాక ఇవ్వడం కన్నా ముందే ఇంట్లో ఉంచడం మేలు. అయిదేళ్ల లోపు బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింకు మాత్రలు ఇవ్వండి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్ని నీళ్లలో మొత్తం ప్యాకెట్ ఒకేసారి కలపాలి, సగం సగం కలపకూడదు, 24 గంటలు దాటితే పారబోయాలి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు వాళ్లకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్ద పిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు పట్టాలి. జింకు రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆరు నెలల లోపు అయితే 10, విరేచనాలు తగ్గినా సరే 10 నుంచి 14 రోజులు. తగ్గగానే జింకు ఆపేయడం ఇళ్లలో జరిగే మామూలు పొరపాటు. ఫోను చేసిన ప్రతిసారీ ఎన్ని మాత్రలు మిగిలాయో అడగండి.

6. చేయి కొలత తల్లికే నేర్పండి

బరువు తూచే రోజు లేకపోతే పోషకాహార లోపాన్ని కనిపెట్టేది ఎలా? రంగుల టేపుతో. ఇది చాలా దేశాల్లో తల్లుల చేతుల్లోకి వెళ్లి బాగా పనిచేసిన పద్ధతి. నన్నడిగితే మహమ్మారి పోయాక కూడా వదలకూడని పద్ధతి.

ఇంటికో టేపు ఇవ్వండి. ఒకే టేపు ఇల్లిల్లూ తిప్పకండి, తప్పనిసరైతే ప్రతిసారీ సబ్బుతో కడగండి. ఆరు నెలలు నిండిన బిడ్డ నుంచి అయిదేళ్ల లోపు వరకు కొలవవచ్చు. మీరు దూరంగా నిలబడి ఒక బొమ్మ మీదో మీ చేతి మీదో చేసి చూపించండి. బిడ్డ ఎడమ చెయ్యి పక్కకు వదులుగా వేలాడాలి. భుజం చివరకూ మోచేతికీ నడిమధ్య చోటు చూసుకుని, అక్కడ టేపు చుట్టి, కొసను దాని కంతలోంచి లాగాలి. చర్మం ముడత పడితే బిగువు ఎక్కువైనట్టు, టేపు కింద వెలుతురు కనిపిస్తే వదులైనట్టు. తర్వాత టేపు మీదున్న చిన్న కిటికీలో కనిపించే రంగు చదవాలి. 12.5 సెంటీమీటర్లు, ఆ పైన అయితే ఆకుపచ్చ. 11.5 నుంచి 12.5 లోపు పసుపు. 11.5 కన్నా తక్కువైతే ఎరుపు, అంటే అదే రోజు ఫోను చేయాలి.

దీనితో పాటు రెండు పాదాల వాపు చూడటం నేర్పండి. రెండు పాదాల పైనా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి వదిలితే గుంట అలాగే ఉండిపోతే, టేపు ఏ రంగు చూపినా సరే, ఆ బిడ్డను వెంటనే వైద్యానికి తీసుకురావాలి. ఇది చాలామంది మర్చిపోయే సంగతి. నీరు పట్టిన బిడ్డ బొద్దుగా ఉన్నట్టే కనిపిస్తుంది.

తల్లి ప్రతి నెలా ఒక నిర్ణీత రోజున కొలిచి రంగు పేరు ఫోనులో చెబితే చాలు. అంకె అడగకండి.

7. పసికందు, బాలింత

తల్లినీ బిడ్డనూ వేరు చేయాలన్న ఆదుర్దా మహమ్మారిలో ఆసుపత్రులకు ముందుగా వస్తుంది. కోవిడ్‌లో అది చాలాచోట్ల మేలు కన్నా కీడే చేసింది. నెలలు నిండని బిడ్డకు తల్లి ఒంటి వెచ్చదనమే మందు. రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టడం, చనుబాలు పట్టడం, జబ్బు స్వభావం అడ్డు రానంత వరకు సాగాలి.

ఇంటికి వెళ్లి చూడటానికి మొదటి 24 గంటలు, మూడో రోజు, ఏడో రోజు ముఖ్యం. మూడుసార్లూ వెళ్లలేకపోతే మొదటిదాన్ని మాత్రం వదలకండి. మిగతా రెండూ వీడియో కాల్‌లో అయినా బొడ్డు, ఒంటి రంగు, పాలు తాగే తీరు చూడవచ్చు.

8. మందుల నిల్వ

రవాణా ఆగిన మొదటి నెలలోనే ఓఆర్ఎస్, అమోక్సిసిలిన్, జింకు, సిరంజిలు అయిపోతాయి. కనీసం రెండు మూడు నెలలకు సరిపడా నిల్వ పెట్టుకోండి. టీకాల విషయంలో ఆ లెక్క పనికిరాదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచగల చోటు ఎంత ఉందో అంతే తెప్పించుకోవాలి. రోజువారీ మందులు వాడే పిల్లలకు వైద్యుడిని అడిగి మూడు నెలల మందులు ఒకేసారి ఇచ్చేయండి.

9. మీ మనుషులను కాపాడుకోండి

మాస్కు, సబ్బు ఇవ్వలేకపోతే ఆ ఇంటికి వెళ్లమని ఎవరినీ అడగకండి. ఇది దయ కాదు, లెక్క. ఒక కార్యకర్త జబ్బు పడితే ఆమె చూసే ఇళ్లన్నీ ఒకేసారి జాబితా నుంచి జారిపోతాయి. పైగా జబ్బును ఇంటింటికీ మోసుకెళ్లేది మన సేవే అయితే జనం మళ్లీ మన ముఖం చూడరు.

సిబ్బందిని రెండు జట్లు చేసి, ఒక జట్టు రెండో జట్టును కలవకుండా వారం మార్చి వారం పని చేయించండి. ఒక జట్టులో ఎవరికైనా సోకినా రెండోది నిలబడుతుంది. వయసు పైబడినవాళ్లకు, దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లకు, గర్భిణులకు ఫోను పని ఇవ్వండి. ఫోను ఖర్చు, ప్రయాణ ఖర్చు, జీతం వేళకు ఇవ్వండి. అదనపు పనికి అదనపు డబ్బు ఇవ్వకుండా చప్పట్లు కొడితే ఎవరికీ కడుపు నిండదు. కొన్నిచోట్ల ఇరుగుపొరుగు వాళ్లే కార్యకర్తలను వెలి వేసినట్టు చూస్తారు, ఇల్లు ఖాళీ చేయమంటారు. అలాంటిది మీ చెవిన పడిన రోజే ఊరి పెద్దలతో మాట్లాడండి, ఆమెనే సర్దుకోమని వదిలేయకండి.

10. భయాన్ని నిర్దిష్టమైన మాటతో తగ్గించండి

‘టీకాలు వేయించండి, భయపడకండి’ అనే మాట ఎవరి భయాన్నీ తగ్గించదు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ గుమ్మం, ఎంతమంది ఉంటారు, నర్సు మాస్కు పెట్టుకుంటుందా, ఎంతసేపు పడుతుంది అని చెబితే తగ్గుతుంది. కేంద్రం తెరిచే ఉందన్న సంగతే చాలామందికి తెలియదు, మూసేశారనుకుని ఇంట్లో ఉండిపోతారు. మైకుతోనో, సందేశాలతోనో, ఊళ్లో నలుగురూ నమ్మే మనిషి గొంతుతోనో ప్రతి వారం చెప్పించండి. పుకారు వస్తే దాన్ని మళ్లీ వల్లించకుండా నిజం ఏమిటో ముందు చెప్పండి.

11. వారానికోసారి లెక్క చూడండి

ప్రతి వారం చివర మూడు అంకెలు రాయండి: ఈ వారం రావాల్సిన పిల్లలు, వచ్చినవాళ్లు, ఎర్ర గీత ఉండీ అందనివాళ్లు. గత ఏడాది ఇదే నెల అంకెలు పక్కన పెట్టండి. విరేచనాల కేసులు సగానికి పడిపోతే సంతోషించకండి. జబ్బు తగ్గిందో, రావడం మానేశారో కనుక్కోండి. హఠాత్తుగా కాళ్లూ చేతులూ చచ్చుబడిన బిడ్డ, జ్వరంతో ఒంటి నిండా దద్దుర్లు వచ్చిన బిడ్డ కనిపిస్తే పై అధికారులకు చెప్పే పని ఎంత హడావుడిలోనైనా ఆగకూడదు. పోలియో, తట్టు మళ్లీ తల ఎత్తుతున్నాయని ముందు తెలిసేది అక్కడే.

12. కాస్త తెరిపి దొరికితే తప్పిన డోసులు వేయండి

మహమ్మారి పూర్తిగా పోయే రోజు కోసం కాచుకోకండి. కేసులు తగ్గిన ప్రతి రెండు మూడు వారాల తెరిపినీ వాడుకోవాలి. ఎంత ఆలస్యమైనా పాత డోసులు లెక్కలో ఉంటాయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ఆగిన చోట నుంచి సాగించాలి. డీపీటీ డోసుల మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. ఇంజెక్షన్‌గా వేసే సజీవ టీకాలు (బలహీనపరిచిన సూక్ష్మజీవులతో చేసినవి, తట్టు టీకా లాంటివి) రెండు ఉంటే రెండూ ఒకే రోజు వేయండి, కుదరకపోతే నాలుగు వారాల ఎడం ఇవ్వండి. విరేచనాలు రాకుండా వేసే రొటావైరస్ చుక్కలు రెండేళ్లు దాటిన వాళ్లకు అవసరం లేదు. ఏడాది దాటిన బిడ్డకు ‘వయసు దాటింది’ అని తట్టు టీకా నిరాకరించే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది, దాన్ని మాన్పించండి.

టీకా కార్డు పోయిందని తల్లి చెబితే రిజిస్టరులో వెతకండి. అక్కడా లేకపోతే మీ ఆరోగ్య శాఖ నియమం ప్రకారం, పడనట్టే భావించి వేయడం బిడ్డకు సురక్షితం. కొత్త కార్డు రాసిచ్చి, పాత తేదీలు తెలిసినంత వరకు ఎక్కించండి. జాబితాలో ఒక పేరును కొట్టేయాలంటే డోసు పడిన తేదీ అయినా ఉండాలి, కుటుంబం ఏ ఊరు వెళ్లిందో అయినా తెలియాలి. ఊరు మారిన వాళ్ల విషయంలో అక్కడి కేంద్రానికి మీరే ఫోను చేసి బిడ్డ పేరు, తప్పిన డోసు చెప్పండి. వాళ్లు తమ రిజిస్టరులో రాసుకున్నామని చెప్పాకే మీ దాంట్లో కొట్టేయండి.